మామ కంది కట్టెల నూనె

రసాయనశాస్త్రం చెప్పుకుని బతికేవాడిని, నూనె అనే రెండక్షరాల మాట దగ్గర బోల్తాపడ్డాను. పడితే పడ్డాను, మా మేనమామ భార్యను కూడా వెంట లాగాను.

గండికోట జలాశయం నీళ్లు ఊరిని తీసుకునే ముందు మామ రెండే తెచ్చుకున్నాడు: ద్వారబంధంతో సహా ఇంటి తలుపు, ఆఖరి పైరు కంది కట్టెలు. కొండాపురం దగ్గరి పునరావాస కాలనీలో తలుపును కొత్త గోడకు బిగించి, కట్టెలను పక్కన మోపులుగా పేర్చాడు. పొయ్యిలో ఒక్క పుల్ల పెట్టనివ్వలేదు. ఆయన పోయాక అత్తా ముట్టలేదు. చెదలు ముట్టాయి.

అప్పుడే పులివెందుల దగ్గర ఒక తోటలో, పంట వ్యర్థాలను గాలి చొరని డ్రమ్ములో వేడిచేసి, ఆవిరిని చల్లార్చి బయో ఆయిల్ తీయడం చూశాను. పైరాలిసిస్ అన్నారు. పైరు వినిపించింది కాబట్టి మనదే అనుకున్నాను.

"చెదలు తినేదానికంటే నూనె తీసిస్తా అత్తా."

"కట్టెలో నూనె యాడుంటాదబ్బీ?"

"ఉంటాది."

"అయితే మీ మామ సంవత్సరికానికి ఆ నూనెతోనే దీపం పెడతా. మన చేను నూనె గదా. వెలుగుతాదా?"

కాదనాల్సింది అక్కడే. పేరులో ఆయిల్ ఉందన్న ధైర్యంతో "వెలుగుతాది" అన్నాను.

ప్రొద్దుటూరులో వెల్డింగు చేసేవాడు డ్రమ్ముకు మూత, గొట్టం బిగిస్తూ "ఏం సారూ, సారానా?" అన్నాడు.

"కాదప్పా, నూనె."

"థూ, నేనింకా ఒక సీసా చెప్పుకుందామనుకుంటి."

జమ్మలమడుగు బడికి సెలవు పెట్టి, అత్త ఇంటి వెనక మూడు రాళ్ల మీద డ్రమ్ము ఎక్కించాను. కింద కంప మంట, గొట్టానికి తడి గోనె. కాటిలో మామ కట్టెకు నిప్పు పెట్టింది నేను కాదు. మామ కట్టెలకు మాత్రం నేనే. ఆఖరి మోపు కూడా లోపలికి పోయాక, డబ్బాలోకి నల్లటి ద్రవం చుక్కచుక్కగా దిగింది. పొగ వాసన, కొంచెం పులుపు. అత్త వాసన చూసి చటుక్కున వాకిలి వైపు తిరిగింది. అక్కడ ఎవరూ లేరు.

"అడివి పందుల కావిలికి పోయి, రాత్రంతా మంట కాడుండి తెల్లారి వచ్చినపుడు మీ మామ తలగుడ్డ ఇదే వాసన వచ్చాండె," అంది.

సంవత్సరికం నాడు పటం ముందు ప్రమిదలో పోసి వెలిగించింది. వత్తి చిటపటలాడి ఆరింది. ఇంకోసారి. మూడోసారీ అంతే. ఆ నూనెలో నీళ్లు ఎక్కువని నా చదువుకు అప్పుడు గుర్తొచ్చింది. ఊరిని ముంచిన నీళ్లు ప్రమిదలోకీ వచ్చాయి.

ఆరిందనకూడదు కాబట్టి, చుట్టాల్లో ఎవరో "దీపం కొండెక్కింది" అన్నారు.

"ఊరు మునిగితే మనమెక్కినాం. ఇప్పుడు ఇదీ ఎక్కె," అంది అత్త. శనగ నూనె పోసి మళ్లీ వెలిగించింది. గోడ పక్కన కట్టెలు ఉండిన చోట నేల మాత్రం మిగిలింది.

నూనె తీసిన రోజు వేసుకున్న చొక్కా వాసన ఎన్ని ఉతుకులకూ లొంగలేదు. బోర్డు మీద రాస్తుంటే వెనకాల మామ నిలబడ్డట్టే ఉండేది. గిరుక్కున తిరిగేవాణ్ణి. అల్లరి పట్టుకోవడానికే అనుకుని పిల్లలు భయపడేవారు. భయం నాది.

రెండు నెలల తర్వాత వెళ్తే, తినడానికి కట్టెలు లేని చెదలు ద్వారబంధం మీద మట్టి దారులు వేసుకుంటున్నాయి. మామ తెచ్చుకున్నదాంట్లో మిగిలింది అదొక్కటే. మూలన పడేసిన డబ్బా తీసి, ద్వారబంధానికీ తలుపుకూ మూడు పూతలు పూశాను.

"మళ్లా ఏందబ్బీ ఆ కంపు?"

"మందు అత్తా, చెదలకు."

చెదలు మళ్లీ ఆ వాకిలి తొక్కలేదు. తలుపు తీసినప్పుడల్లా అత్త ఒక్క క్షణం ఆగి, ఎవరికో దారి ఇచ్చినట్టు పక్కకు జరుగుతుంది. ఊరిని ముంచిన మనుషుల మీద పగ తీర్చుకోవడం నాకు చేతకాదు. మామ కట్టెలు తిన్న చెదల మీద, ఆ కట్టెల పొగతోనే తీర్చుకున్నాను.