ప్లేటు అంచు

సంస్థానం రోజుల్లో జగదల్‌పూర్‌లో మాకు ఫొటోల దుకాణం ఉండేది. ముందు గదిలో మా ఆయన ఫొటోలు తీసేవారు; రాజుగారి దివాణం పనీ మాదే. వెనక చీకటి గదిలో నేను గాజు ప్లేట్లు కడిగేదాన్ని. ఆ పనిలో నన్ను మించినవాళ్లు లేరని నాకు మహా పొగరు.

ఒకసారి కాలేజీ పంతులుగారొకరు సూర్యకాంతిని రంగులుగా విడదీసి ఫొటో తీసే యంత్రంతో వచ్చారు. వాన వెలిసిన తడిగాలి, దిగే సూర్యుడి ఎర్రటి వెలుగులో ఎక్కడెక్కడ నల్లగీతలు పెడుతుందో ఆయనకు కావాలి. ఘాట్ రోడ్డు కుదుపులకు ఆయన తెచ్చిన ప్లేట్లలో రెండే మిగిలాయి.

"ఇవి ఎరుపును కూడా పట్టేస్తాయమ్మా. కడిగేటప్పుడు ఎర్రదీపం వద్దు," అని రెండుసార్లు చెప్పారు. ఏళ్ల తరబడి ఆ దీపం కిందే కడుగుతున్న నాకా చెప్పేది? ఎలా వస్తోందో చూద్దామని కాసేపు వెలిగించాను.

ప్లేటు మొత్తం నల్లగా వచ్చింది.

"పది నిమిషాల వెలుగు ఎక్కువైనట్టుంది. రేపు ఐదే ఇస్తాను," అన్నారాయన, తప్పు తనదే అయినట్టు. నేను దీపం సంగతి దాచి, ప్లేటు ఆరబెట్టాను.

మర్నాడు సాయంత్రం ఆరిన ప్లేటు తీసి చూశాను. యంత్రంలో ప్లేటును పట్టే చట్రం కప్పే అంచుకు సూర్యుడి వెలుగు తగలదు, అక్కడ గాజు తేటగా ఉండాలి. అదీ నల్లగానే ఉంది. పాడుచేసింది నా దీపమే. ఐదు నిమిషాలే ఇస్తే వెలుగు చాలక ఆ చివరి ప్లేటు మీద గీతలు పడవు.

మా ఆయనకు చూపించాను.

"ఊకో. ఇది బయటపడితే దివాణం పని పోతది. గప్పుడు ఏం తింటం?" అన్నారు.

వాకిట్లోకి పరుగెత్తాను. యంత్రం అప్పటికే తెరిచి ఉంది. పంతులుగారు గడియారం చూస్తున్నారు. మా ఆయన మీద కోపం, నా మీద అంతకు రెట్టింపు కోపం. ఐదు నిమిషాలు కాగానే పంతులుగారి చెయ్యి మూత మీదికి పోయింది.

"ముయ్యకుండ్రి సారూ! నిన్న తప్పు మీది కాదు. నేనే ఎర్రదీపం పెట్టిన. గీ అంచు చూడుండ్రి!"

ఆయన అంచు చూశారు, నన్ను చూశారు, చెయ్యి వెనక్కి తీసుకున్నారు.

"అయితే పది నిమిషాలు," అన్నారు.

మిగతా ఐదు నిమిషాలూ ఇద్దరం గడియారమే చూస్తూ నిలబడ్డాం.

ఈసారి దీపం ముట్టలేదు. కటిక చీకట్లో, అంకెలు లెక్కపెట్టుకుంటూ కడిగాను. బయటికి తెచ్చాక పంతులుగారు భూతద్దం పట్టుకుని వెతికారు.

"పడ్డాయమ్మా!" అన్నారు.

నేను మాత్రం ముందు అంచే చూశాను. గాజు తేటగా ఉంది. తల వంచుకుని నిలబడ్డ మా ఆయన అందులోంచి కనబడ్డారు.