నూట అరవై ఎనిమిది పళ్ళ గంట

ఇప్పుడంటే బర్మాలో, బోటాటౌంగ్ రేవు పక్కన మా మావయ్య గోడౌనులో ఏ పాత ఇంజను దిగినా "ముందు అమ్మాయి చూడాలి" అంటున్నారు గానీ, ఆ రోజుల్లో నన్ను ఆ గడప ఎక్కనివ్వడమే గొప్ప. ఇరవై రెండేళ్ళు. చేతిలో డిగ్రీ ఉంది, ఉద్యోగం లేదు, నోరు మాత్రం దండిగా ఉంది. మావయ్య పాత ఇంజన్లూ గేర్‌బాక్సులూ విప్పి, పనికొచ్చే భాగాలు అమ్మేవాడు. వాటిలో ఎప్పుడైనా ఒకటీ అరా పాతకాలపు అమెరికా కార్లవి తగిలేవి: ఎనిమిది సిలిండర్ల ఇంజను, బారెడు ముక్కు, ఇంటి నుంచి వీధి మలుపు తిరిగేలోగా టాంకు ఖాళీ చేసే రకం. మజిల్ కార్లంటారు. మావయ్య వాటిని "కండల కార్లు" అనేవాడు. నేను ఫోనులో నాలుగు రోజులు చదివి, ఇంజను దిమ్మ మీద పోతపోసిన నంబరుకి సుద్దముక్క రుద్ది చదవడం, పక్కమూత బోల్టులు లెక్కపెట్టి గేర్‌బాక్సు ఏ జాతిదో చెప్పడం నేర్చేసుకున్నాను. (నేర్చేసుకున్నానని ఊరంతా చెప్పాను కూడా.) మొదటి వారంలోనే ఒక నంబరుని తలకిందులుగా చదివి, తొమ్మిదుల్ని ఆరులు చేసి, మామూలు లారీ ఇంజనుకి అమెరికా పౌరసత్వం ఇచ్చేశాను.

మావయ్య నెత్తి బాదుకున్నాడు. "ఇదిగో గుంటా, నెలాకరు దాకా సూస్తాను. ఎవుల్నీ అడక్కుండా ఒక్క సామానం, ఒక్కటంటే ఒక్కటి, ఏటో సరిగ్గా సెప్పి అమ్మినావా, ఈ కుర్సీ నీది. నేదా, మీ పిన్ని కొట్టుకెల్లి కొబ్బరి కోరుకో" అన్నాడు. పిన్నిది లత అనే పేటలో దోసెల కొట్టు. అక్కడ అప్పటికే మూడు నెలలు కొబ్బరి కోరాను. నా వేళ్ళు కూడా కొంచెం కొంచెం చట్నీలో కలిసే ఉంటాయి; ఎవరూ ఫిర్యాదు చేయలేదు. మళ్ళీ ఆ కోరాం ముందు కూర్చోవడం కంటే రేవులో దూకడం నయమనిపించింది. అయినా నెల గడుస్తున్నకొద్దీ ఒక్క భాగం కూడా నా చేతికి చిక్కలేదు.

నెలాఖరుకి ఇంకా వారం ఉందనగా కెప్టెన్ ఊలే వచ్చాడు. ఊలే అంటే బర్మాలో బాబాయిలాంటి పిలుపు. ఓడ కెప్టెనుగా రిటైరైన పెద్దమనిషి, ఇంట్లో ఒక కండల కారుని పదేళ్ళుగా బాగుచేస్తున్నాడు. ఆయనకి కావలసింది ఫ్లైవీలు. ఇంజనుకీ గేర్‌బాక్సుకీ మధ్య తిరిగే బరువైన ఉక్కుచక్రం అది, అంచు చుట్టూ పళ్ళుంటాయి. "నూట అరవై ఎనిమిది పళ్ళు, మధ్యలో ఆరు బోల్టు కన్నాలు. అదొక్కటి దొరికితే నా బండి కదులుతుంది, తమీ" అన్నాడు. తమీ అంటే కూతురా అని. మావయ్య లేదని తల అడ్డంగా ఊపాడు. నేను మాత్రం ఉలిక్కిపడ్డాను. అలాంటి చక్రాన్ని పుట్టినప్పటి నుంచీ ప్రతి ఆదివారం చూస్తున్నాను!

మా తెలుగు చర్చికి అసలు గంట మా తాతల నాడే పోయింది. ఎవరో రేవులో దొరికిన చక్రం తెచ్చి, వరండా దూలానికి గొలుసుతో వేలాడదీశారు. గంట తాత (మోగించే ఉద్యోగం ఆయనది, అందుకే ఆ పేరు) ఇనపకడ్డీతో కొడితే ఠంగుమని రెండు వీధులు వినబడేది. ఆ ఆదివారం ప్రసంగం సగంలో ఉండగా నేను బయటికి జారుకుని, స్టూలెక్కి పళ్ళు లెక్కపెట్టడం మొదలుపెట్టాను. ఎక్కడ మొదలుపెట్టానో తెలియాలి కదా, బర్మా ఆడవాళ్ళలా చెంపలకి పూసుకున్న తనకా గంధం ఒక చెంప మీంచి వేలితో తీసి మొదటి పంటికి బొట్టు పెట్టాను. (తెలుగులో తనఖా అంటే తాకట్టు. ఆ రోజు నా చెంపని తాకట్టు పెట్టానన్నమాట.) మొదటిసారి నూట అరవై ఐదు. రెండోసారి నూట డెబ్భై ఒకటి. ఇంతలో వెనకనుంచి గంట తాత గొంతు: "ఏటమ్మా, నా గంటకి పళ్ళు లెక్కెడతన్నావేటి? నాకు మూడే మిగిలినాయి, ముందు ఈటి మీద సెయ్యి తిరగనీ!" అదిరిపడి స్టూలు మీద తూలాను. మోచెయ్యి తగిలి కడ్డీ, కడ్డీ తగిలి చక్రం, ఠంగ్! లోపల ఆరాధన అయిపోయిందనుకుని పిల్లలు బిలబిలమంటూ బయటికొచ్చారు. వాళ్ళ వెనక పెద్దలు, ఆ వెనక చేతిలో కాగితాలతో, సగం వాక్యం నోట్లోనే మిగిలిపోయిన అయ్యగారు. అందరూ చూస్తుండగా మూడోసారి లెక్కపెట్టాను. నూట అరవై ఎనిమిది! మూడు లెక్కల్లో ఏది నిజమని అడగకండి, నాకు కావలసింది వచ్చింది.

మధ్యలో ఎనిమిది కన్నాలున్నాయి. చూశాను. రెండు గొలుసు కోసం ఎవరో తొలిపించి ఉంటారని నాకు నేనే తీర్పు చెప్పుకున్నాను.

కబురు పెడితే ఆ మధ్యాహ్నమే చర్చికి వచ్చిన కెప్టెన్ ఊలే డబ్బు మాట ఎత్తలేదు. చక్రానికి బదులు, వెంట తెచ్చిన తన ఓడ నాటి ఇత్తడి గంట ఇస్తానన్నాడు. సంఘపెద్దలు ఎగిరి గంతేశారు, గంట తాత ఒక్కడే అలిగి గోడవైపు తిరిగి కూర్చున్నాడు. చక్రం కిందికి దించాక ఊలే మోకాళ్ళ మీద కూర్చుని, ఒక్కో కన్నంలో వేలు పెట్టి చూశాడు. ఎనిమిదింటిలోనూ. మావయ్య కళ్ళు ఇత్తడి గంట మీదున్నాయి. ఊలే తలెత్తి నన్ను చూశాడు. "నువ్వే లెక్కపెట్టావా, తమీ?"

"మూడుసార్లు, ఊలే!"

ఊలే నా రెండు చెంపలూ మార్చి మార్చి చూశాడు. తర్వాత నవ్వి, "చాలా మంచి చక్రం" అని అద్దె బండిలో వేయించుకుని వెళ్ళిపోయాడు. మర్నాడు మావయ్య కుర్చీ దుమ్ము స్వయంగా దులిపి, "కూసోవే, నా తల్లీ" అన్నాడు.

ఆ తర్వాత నిజంగానే పని నేర్చుకున్నాను. ఐదేళ్ళకి, సంచౌంగ్‌లో ఊలే ఇంటికి ఒక గేరుచక్రం ఇవ్వడానికి నేనే వెళ్ళాను. వరండాలో మాట్లాడుతుంటే పెరట్లో ఠంగుమంది. ఆ మోత నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? పరుగెత్తి చూస్తే, ఊలే భార్య గరిటెతో మా చర్చి గంటని కొట్టి ఆయన్ని భోజనానికి పిలుస్తోంది.

"ఎనిమిది కన్నాలు, తమీ. పాత లారీది" అన్నాడు ఊలే, అన్నం ఉడికిందన్నంత మామూలుగా. అసలైన చక్రం దొరికేదాకా ఆయన బండి ఇంకో మూడేళ్ళు ఇటుకల మీదే కూర్చుందట. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. "అప్పుడే చెప్పకపోయారా?" అన్నాను.

"ఒక చెంపకే తనకా ఉన్న నీ మొహం చూశాక ఎలా చెప్పను? ఆనాదే" అన్నాడు. ఎదుటివాళ్ళ మనసు నొచ్చుకుంటుందని తామే నష్టపోయే బర్మా గుణం అది. మన మొహమాటానికి పెద్దన్నయ్య.

భోంచేసి వెళ్ళమన్నారు. చెయ్యి కడుక్కునే ముందు, ఎవరూ చూడకుండా ఇంకొక్కసారి లెక్కపెట్టాను. నూట నలభై ఆరు. స్టూలు మీద నిలబడి నూట అరవై ఎనిమిదని అరిచిన ఆ పిల్ల మీద కోపం తెచ్చుకుందామని చూశాను, నవ్వొచ్చింది. మావయ్యకి ఇప్పటికీ చెప్పలేదు. చెంప తాకట్టు పెట్టింది నేనైతే, మూడేళ్ళు వడ్డీ కట్టి విడిపించింది ఊలే.