ఇమానం అయ్యగారి ఈల

2022వ సంవత్సరం. అప్పటికే నేను ఆత్మకూరు నుంచి రోజూ బస్సెక్కి ఉదయగిరి వచ్చి పళ్ళ వైద్యం చేస్తూ చాలా ఏళ్ళయింది. నా క్లినిక్ బస్టాండు దగ్గర ఒక మేడ మీద ఉంటుంది. కోట చూడవచ్చినవాళ్ళు మంచినీళ్ళ కోసం, బస్సు తప్పిపోయినవాళ్ళు ఫ్యాను గాలి కోసం మెట్లెక్కి వచ్చి కూర్చుంటారు. పంటినొప్పితో వచ్చినవాళ్ళకే బెంచీ మీద చోటుండదు. నాకు ఒళ్ళు మండి అరుస్తాను. ఎవరూ పట్టించుకోరు.

ఒక ఉదయం డెబ్బై దాటిన దంపతులు వచ్చారు. ఆయన నోటికి జేబురుమాలు అడ్డం పెట్టుకొని కూర్చున్నాడు. మాటలన్నీ ఆవిడవే. పేరు రూతమ్మ.

"ఈయన దుత్తలూరు కాడ మా పల్లె చర్చిలో వాక్యం చెప్పే అయ్యగారు డాక్టరమ్మా. అంతకుముందు మిలిటరీలో హెలికాప్టరు నడిపినాడు. ఇప్పుడు వారమంతా కందిచేలో ఉంటాడు, ఆదివారం చర్చిలో ఉంటాడు. ఊరంతా ఇమానం అయ్యగారంటారు. పళ్ళు కట్టించుకున్న కాడి నుంచి నోరు తెరిస్తే ఈల వస్తా ఉండాది."

"ఏదీ, ఒకసారి మాట్లాడండి అయ్యగారూ" అన్నాను.

"ప్రభువు మిమ్ములను దీవించును గాక" అన్నాడు గంభీరంగా.

"బాగానే ఉందే!"

"ఆయన తెలివి మీకు తెలవదమ్మా" అంది రూతమ్మ. "స లేని మాటలు ఏరుకొని మాట్లాడతాడు. నెలల తరబడి చర్చిలో ప్రభువు, దేవుడు, తండ్రి, అంతే! యేసు అనమని చూడు."

ఆయన జేబురుమాలు తీసి "యేసు" అన్నాడు. సినిమాహాల్లో హీరో రాగానే నేల క్లాసులోంచి వచ్చే ఈల అది. బెంచీ మీదివాళ్ళందరూ తలలు తిప్పారు. మాస్కు ఉండబట్టి నా పరువు దక్కింది గానీ, నవ్వు ఆపుకోలేక చచ్చాను.

"నవ్వు తల్లీ, పర్లేదు" అన్నాడాయన. "నా పేరు సామ్యేలు. అది చెప్పినా ఇదే గోల. కుర్రోళ్ళు చప్పట్లు కొడతన్నారు. కోతల పండక్కి చుట్టుపక్కల పల్లెలన్నీ మా చర్చికి వస్తాయి. అప్పటికి ఇది కుదరకపోతే వాక్యం చెప్పడం మానేస్తా. కందిచెట్లయితే ఏమీ అనుకోవు." ఆ నాలుగు మాటల్లోనూ సన్నగా ఈలలు వస్తూనే ఉన్నాయి.

కొత్త సెట్టు చేద్దామన్నాను. మొదట ఇంప్రెషన్, అంటే చిగుళ్ళ అచ్చు తీయాలి. నోటినిండా అచ్చు తీసే ముద్ద పెట్టేసరికి ఆయన కథ రూతమ్మే అందుకుంది. రిటైరై ఊరికొచ్చి సేద్యంలో పడ్డాడట. ఒక ఆదివారం కలిగిరి నుంచి రావలసిన పాస్టరుగారికి బస్సు దొరకలేదట.

"అంత ఎత్తున తిరిగొచ్చినోడివి, నాలుగు మాటలు చెప్పలేవా అని నేనే లేపినా. ఆ రోజు లేచినోడు ఇంక కూర్చోలా!"

ముద్ద తీశాక నేనొక మాట అడిగాను. "ప్రభువన్నా ఆయనే కదా అయ్యగారూ. అట్లాగే చెప్పుకోవచ్చుగా?"

ఆయన జేబురుమాలుతో మూతి తుడుచుకున్నాడు.

"పైనుంచి రేడియోలో పిలవడానికి ఒక పద్ధతి ఉండాదమ్మా. ముందు ఎవర్ని పిలస్తన్నామో వాళ్ళ పేరు, తర్వాత మన పేరు. అప్పుడే విషయం. మబ్బుల్లో దారి తెలవనప్పుడు అట్టా పిలిస్తే, కింద నుంచి ఒక మనిషి గొంతు పలికేది. అప్పుడు ప్రాణం లేచొచ్చేది. నేను ప్రార్థన కూడా అట్టనే చేస్తా. యేసూ, సామ్యేలును. ఆ తర్వాతే నా గోడు. ఇప్పుడు ఆ రెండు పేర్లే నోట్లోంచి రావడంలా."

ఆ రెండు పేర్ల దగ్గరా ఈల మోగింది. ఈసారి నాకు నవ్వు రాలేదు. ఈ సెట్టు ఎట్లాగైనా కుదిరి తీరాలనుకున్నాను.

స పలికేటప్పుడు నాలుక కొస పై పళ్ళ వెనక సన్నటి సందు వదులుతుంది. కట్టుడు పళ్ళలో ఆ సందు మరీ ఇరుకైతే గాలి ఈలగా వస్తుంది. అందుకే సెట్టు గట్టిపడకముందు, పళ్ళను మైనంలో నిలబెట్టి నోట్లో పెట్టి మాట్లాడిస్తాం. దీన్ని ట్రై-ఇన్ అంటారు. మామూలుగా అంకెలు చెప్పమంటాం. ఆయన చేత యేసు అనిపించాను. ఈల లేదు! సామ్యేలు అనిపించాను. అదీ శుభ్రంగా వచ్చింది. నేను పొంగిపోయాను.

"ఈడ బాగానే ఉంటాది" అంది రూతమ్మ, కదలకుండా. "చేతికి మైకిచ్చి చూడు."

మైకు నేనెక్కణ్ణుంచి తేను? ఒక పేషెంటు అభిమానంగా ఇచ్చిన ఉదయగిరి చెక్క గరిటె అల్మారాలో ఉంటే అది చేతికిచ్చాను. అంతే, మనిషి మారిపోయాడు! లేచి నిలబడి, గడ్డం పైకెత్తి, కింది దవడ ముందుకు తోసి, గరిటెను పెదవులకు ఆనించి "యేసూ!" అన్నాడు. ఈల మెట్ల దాకా వినిపించింది.

"ఏంది అయ్యగారూ ఆ దవడ?"

"హెలికాప్టరు మోతలో అట్టా దవడ తోసి మైకు పెదాలకు ఆనిస్తేనే వినపడేదమ్మా. అలవాటైపోయినాది."

కుర్చీలో కూర్చున్న నోటికి నేను పళ్ళు కుదిర్చాను. వాక్యం చెప్పే నోరు వేరే. ఇక ఆయన్ని గరిటెతో నిలబెట్టే, పళ్ళ వెనక మైనం కాస్త గీకుతూ, కాస్త అద్దుతూ చెప్పించాను. బెంచీ మీదివాళ్ళు తీర్పరులయ్యారు. "ఇంకా ఉండాది", "తగ్గినాది", "ఈసారి పాము బుసకొట్టినట్టుంది!" ఒకసారి గట్టిగా అనేసరికి పై పళ్ళు ఊడి ఆయన అరచేతిలో పడ్డాయి. అందరికంటే ఎక్కువ ఆయనే నవ్వాడు. చివరికి ఒకసారి బెంచీ మీద ఎవరూ ఏమీ అనలేదు. ఆ మైనం సెట్టునే గట్టి పళ్ళుగా చేయడానికి ల్యాబుకు పంపాను.

కోతల పండక్కి నన్నూ పిలిచారు. చర్చి ముందు పందిరి, గుమ్మడికాయలు, కందికట్టలు, కాళ్ళు కట్టిన కోళ్ళు. వెనక వరుసలో కుర్రాళ్ళు చప్పట్లకు చేతులు సిద్ధంగా పెట్టుకొని ఉన్నారు. అయ్యగారు మైకు పెదవులకు ఆనించాడు. గడ్డం లేచింది, దవడ ముందుకొచ్చింది.

"యేసూ."

ఈల లేదు.

"సామ్యేలును."

శుభ్రంగా ఉంది. ఆ తర్వాత ఆయన మైకు పట్టుకొని అట్లాగే నిలబడిపోయాడు. చాప మీద ముందు కూర్చున్న రూతమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకొని గట్టిగా అంది:

"వినపడిందిలేవయ్యా, ఇంక విషయం చెప్పు!"

అప్పుడు కొట్టారు కుర్రాళ్ళు చప్పట్లు.

ఆ రోజు నుంచి ట్రై-ఇన్‌లో నేను అంకెలు అడగడం మానేశాను. మీరు ఎక్కువగా పిలవాలనుకునే పేరేదో, ఎట్లా పిలుస్తారో అట్లాగే పిలవమంటాను. మనవళ్ళ పేర్లు పిలుస్తారు, బర్రెల పేర్లు పిలుస్తారు. మొన్న ఒక అవ్వ ఎంతసేపటికీ నోరు విప్పలేదు. నేను విసుక్కున్నాక, సిగ్గుపడుతూ, పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఎప్పుడూ పలకని మొగుడి పేరు పలికింది.

"సుబ్బరాయుడూ!"

బయట బెంచీ మీద తాత దిగ్గున లేచి తలుపు సందులోంచి తొంగి చూశాడు. "ఏందే, నన్నా పిలిచినావా?"

మైనం పళ్ళు జారిపోతాయని అవ్వ రెండు చేతులతో నోరు మూసుకొని ఊగిపోతూ నవ్వింది.