ఆయన సీటు

ఆరేళ్ల కిందటి మాట. మావారు గుండెపోటుతో పోయి కొన్ని నెలలైంది. అమెరికాలో మేముండే ఫ్రిస్కోలో పాలు కావాలన్నా కారు తీయాలి. నాకేమో డ్రైవింగ్ రాదు. ఎదురింటి సుజాతక్క నేర్పిస్తానంది. అప్పటిదాకా కదలని ఆయన కారులో, మా వీధిలోనే మొదలుపెట్టాం. వెనక సీట్లో మా అమ్మాయి కీర్తన కూర్చుంది.

ఆయన పొడగరి, నేను పొట్టి. సీటు ముందుకు జరిపితే ఆయన చివరిసారి కూర్చున్న తీరు మళ్లీ రాదని నా బెంగ. అందుకే జరపకుండా వీపు వెనక రెండు దిళ్లు పెట్టుకున్నాను. వీధి చివర మలుపు తిప్పి వస్తుండగా అవి జారిపోయాయి. బ్రేక్ అందలేదు. కాలు చాచి తొక్కితే అది యాక్సిలరేటర్. కారు సుజాతక్క వాళ్ల లాన్ ఎక్కి మెయిల్‌బాక్స్‌ని పడగొట్టింది. ఆవిడ హ్యాండ్‌బ్రేక్ లాగబట్టి ఆగాం.

“పోనీలే, అందులో వచ్చేవన్నీ బిల్లులేగా” అంది అక్క.

ఆయన పోయాక మొదటిసారి బావురుమన్నాను. దిళ్ల సంగతి ఇద్దరికీ చెప్పేశాను.

కీర్తన ముందుకు వంగి తలుపు మీద ఒకటి, రెండు అని ఉన్న సీటు బటన్లు చూపించింది. “అమ్మా, డాడీ సీట్ ఎక్కడికీ పోదు. వన్‌లో సేవ్ అయ్యి ఉంది. నువ్వు టూ పెట్టుకో.”

ఇప్పుడు ఆఫీస్‌కి రోజూ నేనే డ్రైవ్ చేసుకుంటూ వెళ్తున్నాను. దిగులుగా ఉన్న పొద్దున ఒకటి నొక్కుతాను. సీటు మెల్లగా వెనక్కి వెళ్తుంది. కాసేపు ఆయన చోట్లో కూర్చుంటాను. తర్వాత రెండు నొక్కి బయల్దేరతాను.