మెయిన్ స్ట్రీట్‌లో మా మేకుల కొట్టు

మొన్న వంటింటి కుళాయి కారుతుంటే, రబ్బరు వాషరు కోసం హైవే పక్కనున్న పెద్ద షాపుకి వెళ్ళాను. అక్కడి అమ్మాయి జాలిగా చూసి, కుళాయే మార్చేసుకోమంది. డెబ్భైల చివర్లో న్యూజెర్సీలోని ఒక చిన్న ఊళ్ళో మేము హార్డ్‌వేర్ షాపు కొన్నప్పుడు, వాషరు అడిగినవాళ్ళే మాకు దేవుళ్ళు.

అది విక్టోరియా రాణి కాలంనాటి మూడంతస్తుల ఇటుక మేడ. కింద కొట్టు, పైన మా కాపురం. కొట్లో తలెత్తితే పువ్వులు అచ్చొత్తిన రేకు కప్పు, గోడ పొడవునా చెక్క సొరుగులు, వాటి ముందు చక్రాల మీద జరిగే నిచ్చెన. నూనె, తుప్పు, తడి ఇటుక కలిసిన వాసన నా ఇంగువ పోపుని కూడా ఓడించేది. పైకి ఎత్తి తెరిచే ఆ కిటికీల్లో ఏది ఎత్తినా సగంలో ఆగిపోయేది. చలికాలమంతా వాటి సందుల్లో గుడ్డలు కుక్కడమే మా ఆయన పని. ఇంజనీరు ఉద్యోగం పోయాక, ఇక ఒకరి కింద చెయ్యనని ఆ మేడ కొన్నారాయన. తీరా చూస్తే, మేడకే నౌకరీ చేశారు.

మాకు అమ్మిన పెద్దాయన తాతగారు కట్టించిన మేడ అది. సంతకాలైన మర్నాడు పొద్దున్నే ఆ పెద్దాయన టోపీ పెట్టుకుని మళ్ళీ వచ్చాడు. ఇంట్లో ఒక్కణ్ణే ఏం చెయ్యనని కౌంటరు పక్కన కూర్చున్నాడు. అలా ఏడేళ్ళు! మేము ఏది ఎక్కడ సర్దినా, మా తాత అక్కడ పెట్టలేదనేవాడు. నేను విసుక్కుంటే మా ఆయన, "పోనీలేవే, డబ్బిచ్చింది మనమే గానీ కొట్టు ఆయనదేగా" అనేవారు. మా మొహాలు చూసి గుమ్మంలోనే తటపటాయించేవాళ్ళకి మాత్రం ఆ పెద్దాయనే చెప్పేవాడు: "లోపలికి రండి. ఈయనకి నాకంటే బాగా తెలుసు."

మేము కొట్టు కొన్న అయిదేళ్ళకి హైవే మీద ఆ పెద్ద షాపు వచ్చింది. రెండేళ్ళు ఈదాం. మేడ అమ్మేస్తున్నామని ఆ పెద్దాయనకి చెప్పడానికి మా ఆయనకి నోరు రాక, నేనే చెప్పాను. ఆయన కోప్పడలేదు. "అయితే మీరూ అలిసిపోయారన్నమాట" అన్నాడు, అంతే.

మా ఆయన ఆ పెద్ద షాపులోనే పనికి చేరారు. ఒకనాటి సాయంత్రం వేణ్ణీళ్ళలో కాళ్ళు పెట్టుకుని, "ఇవాళ మన పెద్దాయనొచ్చాడే. అన్ని వరసలూ వెతుక్కుంటూ నా దగ్గరికొచ్చాడు. ఏం కొనలేదు. నా చెయ్యి పట్టుకుని నిలబడ్డాడు" అన్నారు. ఆ మాట చెప్పి తల తిప్పుకున్నారు.

ఇప్పుడు ఇద్దరూ లేరు. ఆ రోజుల్లో ఒక్కో పూట గడవడమే గగనంగా ఉండేది. ఇన్నేళ్ళు ఎప్పుడు గడిచాయో మాత్రం నాకు తెలియనే లేదు.