ఇచ్ఛాపురం దగ్గర తప్పిన మలుపు

ఈ రోజు పొద్దున్న అమ్మ, నేను చేపల గంపలతో మావ ఆటోలో ఇచ్ఛాపురం సంతకు బయలుదేరాం. రాష్ట్రానికి ఉత్తరపు కొసన ఉన్న ఊరది. హైవే వంతెన ఎక్కకముందే పక్క రోడ్డులోకి దిగాలి, లేకపోతే నేరుగా ఒడిశాలోకే పోతాం. ఎండెక్కేలోగా చేరకపోతే చేపలు మెత్తబడిపోతాయి.

"ఒలే, దిగాల్సింది ఇక్కడే," అంది అమ్మ.

"ఇంకా బోర్డు రాలేదమ్మా. పోనీ మావా," అన్నాను. మా ఇంట్లో చదువుకున్నది నేనొక్కదాన్నే కాబట్టి మావ నా మాటే విన్నాడు.

వంతెన దాటి కొంత దూరం పోయాక కొట్ల బోర్డులన్నీ ఒడియాలో కనిపించాయి. నాకు ఒక్క అక్షరమూ తెలియలేదు. అమ్మే దిగి, టీ కొట్టాయనతో ఒడియాలో గలగలా మాట్లాడి, వెనక్కి తిరిగే దారి కనుక్కొచ్చింది.

"ఒడియా ఎక్కడ నేర్చుకున్నావమ్మా?"

"బేరాలాడితే రాదేటి? నీకు సదువొచ్చింది గానీ, ఊరెక్కడుందో తెల్దు."

చేపలు పాడవకముందే సంతకు చేరాం. కొనడానికి వచ్చిన ప్రతి ఒక్కరికీ మావ, "మా మేనకోడలు మమ్మల్ని రాష్ట్రం దాటించేసింది" అని చెబుతూనే ఉన్నాడు. అమ్మ మాత్రం ప్రతిసారీ, "డిగ్రీ సదివిందమ్మా" అని గర్వంగానే జోడించింది.

మీ అమ్మకు వచ్చి, మీకు రానిదేమిటో చెప్పండి. నాకు కాస్త తోడు దొరుకుతుంది.