రెండు గేరు కర్రలు

మా ఇంట్లో కారు గురించి మాట్లాడే అర్హత ఒక్క మా ఆయనకే ఉంది. వికారాబాద్‌లో ఫైళ్లు ఈ బల్ల మీద నుంచి ఆ బల్ల మీదకు జరిపే ఉద్యోగం చేసే మనిషికి ఆ అర్హత ఎక్కడిదని అడగకూడదు. మామగారు వదిలి వెళ్లిన పాత అంబాసిడర్‌తో పాటే వచ్చిందట.

ఆ కారులో నాకు కావలసింది ఒక్కటే, ముందు సీటులో నా చోటు. బెంచీలా పొడుగ్గా ఉండే సీటు అది. గేరు కర్ర స్టీరింగ్ పక్కనే ఉంటుంది కనుక ముందు ముగ్గురం హాయిగా పడతాం. ఆయన, మధ్యలో నేను, కిటికీ పక్కన మోకాళ్లు ముడవలేని మా అత్త. నన్ను వెనుక కూర్చోబెడితే ఊరు దాటకముందే వాంతులు మొదలవుతాయి. పెళ్లయిన కొత్తలోనే ఇంటిల్లిపాదికీ తెలిసిన సంగతి ఇది.

నిరుడు గేర్లు జారడం మొదలైంది. సామాను దొరకదన్నారు. ఇంకొకరైతే అలాంటి గేరు బాక్సునే ఎక్కడైనా వెతికి తెచ్చుకునేవారు. మా ఆయన తుక్కు దుకాణం నుంచి ఏదో వ్యానుది, ఐదు గేర్లది మోసుకొచ్చాడు. దాని గేరు కర్ర కాళ్ల దగ్గర నేలలోంచి పైకి రావాలి.

"గదేమంత పెద్ద పనే? కింద రేకుకు పొక్క కొడితే అయిపాయె" అన్నాడు.

తాండూరులో ఒక మెకానిక్ దొరికాడు. ఏం చెప్పినా "అయితది సార్, ఫికర్ చెయ్యకున్రి" అనే రకం. గంతకు తగ్గ బొంత. పని చేయడానికి ముందు సీటు విప్పేశారు. మరి కర్ర పొడుగు చూసుకోవడానికి డ్రైవరు ఎక్కడ కూర్చోవాలి? తాండూరులో బండలకు కరువా! నాలుగు నాపరాళ్లు పేర్చి, వాటి మీద దర్జాగా కూర్చుని, చెయ్యి అటూ ఇటూ ఆడిస్తూ కర్ర ఎంతుండాలో ఖాయం చేశాడు మా ఆయన. సీటు ఆ రాళ్ల కంటే జానెడు ముందుకు వస్తుందని ఇద్దరిలో ఒక్కరికీ తోచలేదు.

సీటు బిగించాక రెండో గేరు పడలేదు. కర్ర వెనక్కి వచ్చి సీటుకు గుద్దుకుని ఆగింది. కాల్చి ముందుకు వంచారు. ఈసారి మొదటి గేరుకు డాష్‌బోర్డు తగిలింది. చివరకు దాన్ని నడిమికి కోసి, సీటు మీదుగా వచ్చేలా మెలిక పెట్టి అతికారు. ఆ మెలిక ఎడమకు తిరిగి, కర్ర తల సరిగ్గా నేను కూర్చునే చోట తేలింది.

స్టీరింగ్ పక్కన పాత కర్ర ఇక దేనికీ అంటుకుని లేదు. తీసేస్తానన్నాడట మెకానిక్. "వద్దు, అది పోతే బండి అందమే పోతది" అన్నాడట ఈయన. అలా పనికి ఒక కర్ర, అందానికి ఒక కర్ర మిగిలాయి. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే మనిషి బండికి రెండు గేరు కర్రలుండటంలో వింతేముంది?

బండి తెచ్చుకునే రోజు అత్తా నేనూ తాండూరులో ఆమె చెల్లెలింట్లో ఉన్నాం. ముగ్గురం కలిసి వెళ్దామని షెడ్డుకు వచ్చాం. నన్ను చూడగానే మా ఆయన, "నువ్వు ఎనక కూసో. గేరుకు అడ్డమొస్తవ్" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. "గేరే నాకు అడ్డమొచ్చింది. పెండ్లయినకాంచి నేను ఈడనే కూసుంటున్న" అన్నాను.

"గేరు సంగతి నీకేమెరుక?"

ఎరుక లేకుండానే ఎక్కి, చీర సర్దుకుని, కర్రకు అటొక కాలు ఇటొక కాలు వేసి కూర్చున్నాను. ధారూరు దాకా క్లచ్చు తొక్కి నా మోకాళ్ల మధ్య కర్రను ఒకటికి నెట్టినప్పుడల్లా, రెండుకు లాగినప్పుడల్లా ఆయన గొణుగుతూనే ఉన్నాడు. మాటలు వినిపించుకోలేదు కానీ, చెయ్యి ఎటు పోతోందో చూస్తూనే ఉన్నాను.

అనంతగిరి గుట్ట మొదలైంది. వెనుక బండల లోడుతో ఒక లారీ తగులుకుంది. మలుపు దగ్గర మా బండి రొప్పసాగింది. కంగారులో మా ఆయన చెయ్యి పాత అలవాటు ప్రకారం స్టీరింగ్ పక్కకే పోయింది. ఆ అందాల కర్రను పట్టుకుని గట్టిగా లాగాడు. బండి ఆగిపోయి, మెల్లగా వెనక్కి జారడం మొదలుపెట్టింది. లారీవాడు హారన్ మోత మోగించాడు. అత్త దేవుణ్ణి పిలిచింది. ఈయన మళ్లీ ఆ కర్రనే లాగాడు.

"బ్రేకు తొక్కు!" అని అరిచాను. తొక్కాడు. "ఇగ క్లచ్చు తొక్కు!" అదీ తొక్కాడు. నా మోకాళ్ల మధ్య ఉన్న కర్రను ముందుకు నెట్టాను. మొదటి గేరు పడింది, బండి కదిలింది.

స్టీరింగ్‌ను రెండు చేతులతో కరుచుకున్న మనిషి ఇక చెయ్యి తీస్తే ఒట్టు. గుట్ట పైదాకా ఆయన క్లచ్చు తొక్కడం, నేను గేరు వేయడం. "రెండు" అంటే లాగాను, "ఒకటి" అంటే నెట్టాను. నాకేమెరుక అన్న నోరే అంకెలు చెబుతూ వచ్చింది. పైకి చేరాక మెచ్చుకోలు మాట దేవుడెరుగు, నా మొహం కూడా చూడలేదు.

ఇల్లు చేరేసరికి పక్కింటాయన గేటు దగ్గరే ఉన్నాడు. కొత్త గేర్లు ఎట్లున్నయని అడిగాడు.

మా ఆయన కాలరు సర్దుకున్నాడు. "మస్తుగున్నయ్. మక్కన్ లెక్క పడుతున్నయ్. గుట్ట ఎట్లెక్కిందో మా అమ్మనడుగు."

అత్త మోకాళ్లు పట్టుకుని మెల్లగా దిగుతోంది.

"మంచిగనే ఎక్కింది కొడుకా" అంది. "నీ పెండ్లాం ఎనక కూసుంటే ఈపాటికి లారీ కింద ఉందుము."